ఇల్లొక పథకం, నీళ్లొక పథకం: పంచాయతీ ప్రణాళిక రాసేవారికి

ఏటా అక్టోబరు 2 దగ్గర పడేసరికి పంచాయతీలకు ఆదేశం వస్తుంది. గ్రామసభ పెట్టండి, వచ్చే ఏడాది అభివృద్ధి ప్రణాళిక తయారు చేయండి, ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించండి అని. 2018 నుంచి ‘సబ్‌కీ యోజన, సబ్‌కా వికాస్’ పేరుతో దేశమంతా ఇదే కాలంలో ఈ ప్రచారం నడుస్తోంది. మన మదనపల్లె వైపు తంబళ్లపల్లె, పెద్దమండ్యం, ములకలచెరువు లాంటి మండలాల్లో కొత్తగా చేరిన పంచాయతీ కార్యదర్శికీ, సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుకూ అప్పటికే చేతినిండా పని ఉంటుంది. ఇంటి పన్ను వసూలు, పారిశుధ్యం, పింఛన్లు, ఒకదాని వెంట ఒకటి సర్వేలు. పోయినేటి జాబితా తెరిచి, సిమెంటు రోడ్డు ఒకటి, కాలువ ఒకటి, మోటారు మరమ్మతు ఒకటి మార్చి పంపేయడం సులువుగా కనిపిస్తుంది. అలా పంపిన ప్రణాళికకూ ఆమోదం వస్తుంది, డబ్బూ వస్తుంది. ఊరి చివర కొట్టంలో ఉన్న కాపురం మాత్రం కొట్టంలోనే ఉండిపోతుంది.

ఈ వ్యాసం ఆ పని చేయాల్సిన ఉద్యోగుల కోసం, వాళ్లతో కూర్చుని రాయించాల్సిన సర్పంచులు, వార్డు సభ్యుల కోసం. నేను చెప్పదలచింది ఒకే మాట. ఢిల్లీ నుంచి వచ్చే డబ్బు ముక్కలుగా వస్తుంది. ఇల్లు ఒక పథకం, ఆ ఇంటికి నీళ్లు ఇంకో పథకం, మరుగుదొడ్డి మరొకటి, దారి వేరొకటి. ఒక్కో ముక్కకూ ఒక్కో శాఖ, ఒక్కో యాప్, ఒక్కో గడువు. ఈ ముక్కలన్నీ ఒక కుటుంబం గడప దగ్గర కలవాలంటే వాటిని ముందుగానే కలిపి రాసిన కాగితం ఎక్కడో ఒకచోట ఉండాలి. అలా రాయగలిగేది పంచాయతీ ప్రణాళికలోనే. పట్నంలో అయితే మున్సిపాలిటీ ప్రణాళికలో.

ఇది ఎవరో దయతలచి ఇచ్చిన అధికారం కాదు. 73వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 243జి అధికరణం ఆర్థికాభివృద్ధికీ సామాజిక న్యాయానికీ ప్రణాళికలు తయారుచేసే బాధ్యతను పంచాయతీకి ఉద్దేశించింది. పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో గ్రామీణ గృహనిర్మాణం పదోది, తాగునీరు పదకొండోది. చట్టం చేసినవాళ్లు ఆ రెండింటినీ పక్కపక్కనే పెట్టారు. శాఖలే వాటిని విడదీశాయి.

పని మొదలుపెట్టాల్సింది పోర్టల్ దగ్గర కాదు, వీధిలో. గృహనిర్మాణ సంస్థ దగ్గర ఒక జాబితా ఉంటుంది, ఆవాస్ ప్లస్ సర్వేలో ఒకటి ఉంటుంది, సచివాలయం మ్యాపింగులో ఇంకొకటి ఉంటుంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోలవు. మూడింటినీ అచ్చు తీసుకుని, పంచాయతీలోని ప్రతి పల్లెకూ, ప్రతి తండాకూ నడిచి వెళ్లి, ఇంటి ముందు నిలబడి సరిచూడండి. వెంట వార్డు సభ్యుణ్ణి, గ్రామ సంఘం లీడరునూ తీసుకువెళ్లండి. ఏ ఇంట్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో ఆ లీడరుకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

పొయ్యిల మాట ఎందుకంటే, మన వైపు ఇళ్ల కొరత చాలా భాగం కంటికి కనిపించదు. ఒకే గోడల మధ్య తండ్రి, ఇద్దరు కొడుకులు, వాళ్ల భార్యాబిడ్డలు ఉంటారు. రికార్డులో అది ఒక ఇల్లు, నిజానికి మూడు కాపురాలు. మదనపల్లె టమోటా మార్కెట్లో గంపలు మోసే కుటుంబం అక్కడే బాడుగ గదిలో ఉంటుంది, రేషన్ కార్డు మాత్రం ఊళ్లో ఉంటుంది. బెంగళూరుకు కూలికి పోయిన వాళ్ల ఇంటికి తాళం వేసి ఉంటుంది, సర్వేకు వచ్చినవాళ్లు ‘లేరు’ అని రాసుకుని పోతారు. వాళ్లు సంక్రాంతికి వస్తారు, శివరాత్రికి మల్లయ్యకొండ తిరుణాలకు వస్తారు. సర్వే రెండో విడతను ఆ రోజులకు పెట్టుకుంటే తాళాలు తెరిచి ఉంటాయి.

బండల మిద్దెల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మట్టి గోడల మీద దూలాలు వేసి, బండలు పరిచి, పైన మట్టి కప్పిన పాత ఇళ్లు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో రాతి పైకప్పును పక్కా పైకప్పు కిందే లెక్కించారు. గోడ మట్టిదే, వానొస్తే గిన్నెలు పెట్టాల్సిందే, కాగితంలో మాత్రం పైకప్పు పక్కా. సర్వే చేసేవాళ్లు పైకప్పు ఒక్కటే చూసి ముందుకు పోకుండా, గోడ దేనితో కట్టారో, గదులెన్నో విడివిడిగా రాయించండి. ఇంటి లోపలి నుంచి ఒక ఫొటో, బయటి నుంచి ఒక ఫొటో తీయించండి. ‘పాత ఇల్లు’ అని రాస్తే పై కార్యాలయంలో దానికి విలువ లేదు. ‘మట్టి గోడ, రెండు గదులు, ఉత్తరం గోడ పడిపోయింది’ అని రాస్తే ఆ ఇంటికి ఒక వాదన ఉంటుంది.

పాత నిబంధనలు మనసులో పెట్టుకుని అర్హులను తప్పించడం ఇంకొక తరచు పొరపాటు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ 2016లో మొదలైనప్పుడు మోటారు సైకిలు ఉన్నా, ఫ్రిజ్ ఉన్నా పేరు పోయేది. 2024లో ఆ షరతులు సడలించారు. కుటుంబంలో ఒకరి నెల ఆదాయ పరిమితిని 10 వేల నుంచి 15 వేల రూపాయలకు పెంచారు. పథకాన్ని 2029 వరకు పొడిగించి, అదనంగా 2 కోట్ల ఇళ్లు ప్రకటించారు. బండి ఉందని అప్పట్లో పక్కన పెట్టిన పేర్లను ఈసారి మళ్లీ తీసి చూడాలి. టమోటా తోటకు కూలికి పోవాలన్నా ఇప్పుడు బండి కావాలి.

ప్రతి పేరు పక్కనా మరో మూడు సంగతులు రాసుకోండి: స్థలం ఎవరి పేరున ఉంది, ఆధార్‌కు ముడిపడిన బ్యాంకు ఖాతా ఏది, ఇరవై ఏళ్లలో ఈ కుటుంబానికి ఏ ప్రభుత్వ ఇల్లయినా మంజూరైందా. మొదటిదాని దగ్గరే సగం కేసులు ఆగుతాయి. పట్టా చనిపోయిన మామగారి పేరున ఉంటుంది, ఇల్లు కోడలి పేరున కావాలి. ఇలాంటివాటిని మంజూరయ్యాక చూద్దామని వదిలేయకండి. రెవెన్యూ వాళ్ల దగ్గర నెలలు పడుతుంది. వీఆర్వోను సర్వే రోజే వెంట రమ్మంటే, అక్కడికక్కడే ఏ కాగితం కావాలో ఆ కుటుంబానికి తెలుస్తుంది. ‘మా ఇల్లెప్పుడొస్తాది సార్?’ అని అడిగే పెద్దావిడకు మనం ఇవ్వగలిగిన నిజమైన జవాబు అదే: ‘అమ్మా, ఈ ఒక్క కాగితం తెచ్చుకో, పేరు ఎక్కుతుంది.’

ఇక స్థలం. ఇళ్ల ప్రణాళికలో కష్టమైన భాగం ఇదేనని నా నమ్మకం, ఎందుకంటే ఇక్కడ చేసిన తప్పును తర్వాత ఏ నిధీ సరిదిద్దలేదు. 2020 డిసెంబరు 25న మొదలైన పట్టాల పంపిణీలో పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు చొప్పున ఇచ్చారు. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెకు మూడు సెంట్లు, పట్నానికి రెండు సెంట్లు అంది. సెంటంటే 48.4 చదరపు గజాలు. కేంద్ర పథకం ప్రకారం వంటకు చోటుతో కలిపి ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, అంటే దాదాపు 30 గజాలు ఉండాలి. సెంటున్నరలో ఇల్లు పోగా మిగిలేది నలభై గజాల పైచిలుకు. అందులో మరుగుదొడ్డి, స్నానాల గది, నీళ్ల తొట్టి పోతే, ఆవును ఎక్కడ కట్టేస్తారు? పల్లె మనిషికి ఇల్లంటే నాలుగు గోడలే కాదు, పక్కన పశువుకు నీడ కూడా. లేఅవుట్ వేసేటప్పుడు ఈ మాట అడిగేవాళ్లు ఉండాలి. ఆ లేఅవుట్‌లో సొంతంగా చోటు లేనివాళ్ల కోసం ఉమ్మడి పశువుల కొట్టానికి స్థలం వదలమని ప్రణాళికలోనే రాయవచ్చు. ‘పల్లె పండుగ’ కార్యక్రమంలో సిమెంటు రోడ్లతో పాటు గోకులాలు అనే పశువుల కొట్టాలనూ రాష్ట్రం 2024 అక్టోబరులో చేపట్టింది కాబట్టి అది గొంతెమ్మ కోరిక కాదు.

ఊరి దగ్గర భూమి దొరక్క లేఅవుట్‌ను గుట్ట కిందో, వంక పక్కనో, చెరువు పోరంబోకులోనో వేద్దామనే ఒత్తిడి వస్తుంది. అక్కడ గట్టిగా నిలబడాలి. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి, తిరిగి పంచాయతీకి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చట్టం సంగతి అటుంచినా, 2021 నవంబరు 19న పింఛా, అన్నమయ్య ప్రాజెక్టుల కట్టలు తెగినప్పుడు చెయ్యేరు ఒడ్డు పల్లెలకు ఏమైందో చూసిన ప్రాంతం ఇది. ఎండిపోయిన వంక మన పటంలో మాత్రమే ఎండిపోయింది. స్థలం ఎంపికకు ముందు ఊళ్లో అరవై దాటినవాళ్లను ముగ్గురిని తీసుకెళ్లి, ఎక్కువ వాన కురిసిన ఏడాది నీళ్లు ఎంతదాకా వచ్చాయో చేత్తో చూపించమనండి. ఆ గీతను పటం మీద గీసి, గ్రామసభ తీర్మానంలో చేర్చండి.

నీళ్ల దగ్గరికి వద్దాం. తంబళ్లపల్లె వైపు బోరు వెయ్యి అడుగులకు దించినా నీళ్లు పడతాయన్న భరోసా లేదు. పడినా కొన్నిచోట్ల ఫ్లోరైడు. కొత్త కాలనీకి ‘బోరు, మోటారు, ట్యాంకు’ అని ఒక్క వరుస రాసి అంచనా వేసేస్తే, మొదటి వేసవికే ఆ ట్యాంకు ఖాళీ అవుతుంది. లెక్క ఇలా మొదలుపెట్టండి. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అంటుంది. 120 ఇళ్ల కాలనీ, ఇంటికి నలుగురు అనుకుంటే 480 మంది, రోజుకు 26,400 లీటర్లు. పశువులకు వేరే. ఈ నీళ్లు ఏప్రిల్, మే నెలల్లో ఎక్కడి నుంచి వస్తాయి? బోరు దిగుబడిని వానాకాలంలో కొలిచి రాయడం అందరూ చేస్తారు, ప్రణాళికకు కావాల్సింది వేసవి కొలత. నీటి పరీక్షలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరును తాగునీటి లెక్కలోంచి తీసేసి, వాడకపు నీళ్ల లెక్కలో వేయండి. హంద్రీ-నీవా నీళ్లు పుంగనూరు బ్రాంచి కాలువ ద్వారా మీ పంచాయతీ చెరువుకు చేరే అవకాశం ఉంటే, ఆ చెరువుకు పారే వంకల పూడికతీత, కట్ట బలపరచడం ఇళ్ల ప్రణాళికలో భాగంగానే రాయాలి. చెరువు నిండితే చుట్టుపక్కల బోర్లు బతుకుతాయని ఇక్కడ పుట్టినవారికి వేరే చెప్పక్కర్లేదు, కానీ ఆ సంబంధాన్ని కాగితం మీద పెట్టకపోతే నిధి రాదు.

ఈ పనులకు డబ్బు ఎక్కడిదంటే ఆర్థిక సంఘం గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 60 శాతం కట్టుబడిన నిధిగా ఉండేది: సగం పారిశుధ్యానికి, సగం తాగునీటికీ వాననీటి సంరక్షణకూ. మిగతా 40 శాతాన్ని పంచాయతీ తన అవసరం చూసి వాడుకునే వీలుండేది, జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ మాత్రం వాడకూడదు. ఆ లెక్కన పంచాయతీకి ఏడాదికి 10 లక్షలు వచ్చాయనుకుంటే 3 లక్షలు పారిశుధ్యం, 3 లక్షలు నీళ్లు, 4 లక్షలు స్వేచ్ఛా నిధి. చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటి అందులో ఉండేది. నీళ్ల అవసరం పూర్తిగా తీరిపోయిన పంచాయతీ ఆ వాటాను పారిశుధ్యానికి వాడుకోగలిగేది, అటుది ఇటూ వాడుకోగలిగేది. అయితే తీరిపోయిందని లెక్కతో చూపించాల్సి ఉండేది. 2026 ఏప్రిల్ నుంచి అరవింద్ పనగడియా అధ్యక్షతన ఏర్పడిన 16వ ఆర్థిక సంఘం కాలం. కొత్త మార్గదర్శకాల్లోని శాతాలు చూశాకే పట్టికలు వేయండి, పాత నిష్పత్తిని అలవాటుగా దించేయకండి.

పారిశుధ్యం వాటాలో కాలువలు రాసేటప్పుడు ఒక ప్రశ్న వదలకుండా అడగండి: ఈ కాలువ ఎక్కడ ముగుస్తుంది? ఎన్ని పల్లెల్లో సైడు కాలువలు చివరి ఇంటి ముందు ఆగిపోయి, అక్కడ మడుగు కట్టి, ఆ ఇంటి పిల్లలు ఏడాదంతా దోమల్లో బతుకుతున్నారో! ఆ చివరి ఇల్లు దాదాపు ఎప్పుడూ ఊళ్లో నోరులేని వాళ్లదే. కాలువ పొడవును మీటర్లలో రాసినట్టే, దాని చివర ఇంకుడు గుంతో, కిందనున్న పొలం కాలువో, ఏదో ఒక గమ్యం రాయాలి. గమ్యం లేని కాలువకు అంచనా వేయవద్దని ఇంజినీరింగ్ అసిస్టెంటు పట్టుబడితే చాలు, చాలా వీధులు బాగుపడతాయి.

ఇంటి ఖర్చు లెక్కకు వద్దాం. గ్రామీణ పథకంలో మైదాన ప్రాంతానికి కేంద్ర, రాష్ట్రాలు 60:40 నిష్పత్తిలో కలిపి ఇచ్చేది 1,20,000 రూపాయలు. దానికి ఉపాధి హామీ నుంచి 90 రోజుల కూలి కలుస్తుంది. 2025-26లో ఆంధ్రప్రదేశ్ వేతనం రోజుకు 307 రూపాయలు, అంటే 27,630. స్వచ్ఛ భారత్ నుంచి మరుగుదొడ్డికి 12,000. అన్నీ చేరితే 1,59,630 రూపాయలు. నేటి ఇసుక, కమ్మీ, సిమెంటు ధరలకు ఈ మొత్తంతో ఇల్లు స్లాబ్ దాటదని కట్టుకున్న ప్రతి కుటుంబానికీ తెలుసు. అసంపూర్తిగా నిలిచిన ఇళ్లకు రాష్ట్రం 2025లో ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష అదనంగా ప్రకటించింది కూడా ఇందుకే. అదే ఏడాది నవంబరు 12న చిన్నమండెం మండలం దేవగుడిపల్లెలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా రాష్ట్రమంతటా 3 లక్షలకు పైగా ఇళ్ల గృహప్రవేశాలు జరిగాయి. వాటిలో ఏళ్ల తరబడి మొండిగోడలతో నిలిచి, చివరి విడత సాయంతో పూర్తయినవి ఎన్నో.

బిల్లు దశలవారీగా పడుతుంది. బేస్‌మెంట్, లెంటల్, రూఫ్ లెవెల్, స్లాబ్, ఒక్కో దశకూ ఫొటో అక్షాంశ రేఖాంశాలతో ఎక్కాలి. డబ్బు పని తర్వాత వస్తుంది, మేస్త్రీకి మాత్రం ముందే ఇవ్వాలి. ఆ మధ్యకాలం ఎలా గడవాలో ప్రణాళికలో లేకపోతే కుటుంబం నూటికి మూడు రూపాయల వడ్డీకి పోతుంది. గ్రామ సంఘం లీడర్లతో ముందే కూర్చుని, ఇల్లు మంజూరయ్యే సభ్యులకు పొదుపు సంఘం రుణం ఏ నెలలో ఇవ్వగలరో తేల్చుకోండి. కాలం కూడా చూసుకోవాలి. ఇక్కడ వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ. పునాదులు డిసెంబరులో తీస్తే, స్లాబ్ ఫిబ్రవరిలో పడుతుంది, క్యూరింగుకు అప్పటికింకా నీళ్లుంటాయి. మంజూరు పత్రం మార్చిలో చేతికిచ్చి, ఏప్రిల్‌లో పునాది తీయమంటే, ట్యాంకరు నీళ్లకే ఒక విడత బిల్లు పోతుంది. పై అధికారి ‘వెంటనే మొదలుపెట్టించండి’ అన్నప్పుడు ఈ లెక్క చూపించి నెల గడువు అడగడం తప్పు కాదు.

ఉపాధి పనుల విషయంలో ఒక మార్పు గమనించండి. ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వీబీ-జీ రామ్ జీ చట్టం ఏడాదికి 125 రోజుల పని హామీ ఇస్తూ, పనులన్నీ ‘వికసిత్ గ్రామ పంచాయతీ ప్రణాళిక’ నుంచే రావాలంటోంది. ప్రణాళికలో లేని పనికి కూలి కూడా ఉండదన్న మాట. కాబట్టి లేఅవుట్ చదును, అంతర్గత దారులు, చెరువు పూడిక, ఇంటి కూలి రోజులు అన్నీ మొదటే పేర్లతో సహా చేర్చాలి.

గ్రామసభ గురించి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. తలుచుకుంటే జరపగలమని అది రుజువు చేసింది. మామూలు రోజుల్లో సభ పదకొండు గంటలకు పెడితే కూలికి పోయేవాళ్లు రారు, వచ్చినవాళ్లు సంతకాలు పెట్టి పోతారు. సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి. దానికి ముందు ప్రతి పల్లెలో, తండాలో, ఎస్సీ కాలనీలో విడిగా చిన్న సమావేశం పెట్టి, అక్కడి అవసరాలను వరస క్రమంలో రాయించుకోండి. మహిళా సంఘాలు తయారుచేసే గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళికను సభలో వాళ్లచేతే చదివించి, మీ ప్రణాళికలో కలపండి. కేరళ 1996లో ప్రజాప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలింది, ప్రతి పంచాయతీ చేత ముందు తన ఊరి అభివృద్ధి నివేదికను రాయించింది. పనుల జాబితా ఆ తర్వాతే. ఆ వరస మనకూ మంచిది.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కొందరు అక్కడి నగరపాలక సంస్థల్లో ఇదే పని చేస్తున్నారు. అక్కడ 1974 చట్టం కింద సమాఖ్య ప్రభుత్వం నగరాలకు సామాజికాభివృద్ధి గ్రాంటు ఇస్తుంది. అది అందుకోవాలంటే నగరం ముందు గృహ అవసరాల ప్రణాళిక రాయాలి, ముసాయిదాను 30 రోజులు జనం ముందు పెట్టాలి, నిధిలో కనీసం 70 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయం ఉన్నవారికి మేలు చేసేలా ఖర్చుపెట్టాలి. మన చట్టంలో ముప్పై రోజుల నియమం లేకపోయినా, ముసాయిదాను తెలుగులో పెద్ద అక్షరాలతో సచివాలయం గోడకు అంటించి నెలపాటు ఉంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తన పేరు లేదని చూసుకున్న మనిషి మీ దగ్గరికే వస్తాడు. మంజూరయ్యాక గొడవకు రావడం కన్నా అదే నయం.

పట్నం వైపు పనిచేసేవారికి కొన్ని మాటలు. బి.కొత్తకోట నగర పంచాయతీ అయింది, కుప్పం మున్సిపాలిటీ అయి 2021 నవంబరులో తొలి మున్సిపల్ ఎన్నికలు చూసింది. హోదా మారగానే కొన్ని తలుపులు మూసుకుంటాయి, కొన్ని తెరుచుకుంటాయి. ఉపాధి హామీ పనులు పట్టణ స్థానిక సంస్థ పరిధిలో ఉండవు, గ్రామీణ ఆవాస్ యోజన వర్తించదు. వాటి బదులు 2024 సెప్టెంబరు 1న మొదలైన పట్టణ ఆవాస్ యోజన 2.0 ఉంటుంది. సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్రం 1.5 లక్షలు, రాష్ట్రం కనీసం లక్ష ఇవ్వాలని అందులో ఉంది. కుటుంబ వార్షికాదాయం 3 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, ఇరవై ఏళ్లలో ప్రభుత్వ ఇల్లు పొంది ఉండకూడదు. నీళ్లకు అమృత్ 2.0, చెత్తకు స్వచ్ఛ భారత్ పట్టణ 2.0, రెండూ 2021 అక్టోబరు 1న మొదలైనవే. కొత్తగా పట్నంలో కలిసిన శివారు పల్లెల్లో ఉపాధి కూలి ఆగిపోయి, పట్టణ సౌకర్యం ఇంకా రాని ఖాళీ ఒకటి ఏర్పడుతుంది. వార్డు ప్లానింగు కార్యదర్శి తన ప్రణాళికలో ఆ శివారు వార్డులకే మొదటి స్థానం ఇవ్వాలని నేను గట్టిగా కోరతాను.

కుప్పానికి 2025 జనవరిలో ‘స్వర్ణ కుప్పం విజన్-2029’ పత్రం వెలువడింది. అలాంటి పెద్ద పత్రం ఉన్నచోట వార్డు ప్రణాళికలోని ప్రతి పనీ దానిలోని ఏ లక్ష్యానికి చెందుతుందో పక్కన ఒక వరుసలో రాస్తే, జిల్లా ప్రణాళికా సంఘం దగ్గర వాదించడం తేలికవుతుంది. మదనపల్లె, పుంగనూరుల్లో మురికివాడల జాబితాలు పాతబడ్డాయనిపిస్తే, కొత్తగా వెలసిన కాలనీలను పేరుపెట్టి చేర్చండి.

ఒక చిక్కుముడి మన ప్రాంతంలోనే ఎక్కువ. పలమనేరు-కుప్పం-మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఎన్నో పల్లెలు ఉన్నాయి. పంచాయతీగానే ఉంటూ, ఇళ్ల విషయంలో మాత్రం పట్టణ పథకంలోకి వెళ్లే ఊళ్లు రాష్ట్రంలో చాలా. అలాంటి ఊళ్లలో ఇటీవలి దాకా కేంద్రం 1.5 లక్షలు, ఉపాధి హామీ 30 వేలు, మొత్తం 1.80 లక్షలు లెక్క నడిచింది. మీ పంచాయతీ ఆ గీత లోపల ఉందో, బయట ఉందో మొట్టమొదటే గృహనిర్మాణ శాఖ ఏఈ దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి. గీత తెలియకుండా రాసిన జాబితా ఏడాది పాటు రెండు శాఖల మధ్య తిరుగుతుంది.

జనగణన సంగతి కూడా మరువకూడదు. 2027 జనగణనలో భాగంగా ఇళ్ల గణన 2026 ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య జరిగేలా కాలక్రమం ప్రకటించారు. ఆర్థిక సంఘాల గ్రాంటు పంపకంలో జనాభాకు పెద్ద బరువు ఉంటుంది, 15వ సంఘం రాష్ట్రాల మధ్య వాటాకు 90 శాతం జనాభానే తీసుకుంది. వలస పోయిన కుటుంబాలు ఎక్కడో ఒకచోట లెక్కలో పడేలా చూడటం కార్యదర్శి సొంత పనిగా భావించాలి.

చివరగా పోర్టల్. ప్రతి పనికీ కొలతలతో అంచనా, స్థలం ఫొటో, ఏ నిధి నుంచో స్పష్టంగా ఉండాలి. ఒకే పనికి రెండు నిధులు కలుస్తుంటే ఏ నిధితో ఏ భాగమో విడగొట్టి రాయండి, లేకపోతే ఆడిట్ వాళ్లకు అది ఒకే పనికి రెండు బిల్లులుగా కనిపిస్తుంది. ఈ-గ్రామస్వరాజ్‌లో ఆమోదం పొందిన ప్రణాళికలో లేని పనికి ఆర్థిక సంఘం డబ్బు చెల్లించలేరు. మధ్యలో అవసరం వస్తే అనుబంధ ప్రణాళిక వేసుకోవచ్చు, దానికీ గ్రామసభ తీర్మానం కావాలి. గత సంవత్సరపు లెక్కలు ‘ఆడిట్ ఆన్‌లైన్’ పోర్టల్‌లో ఉన్నాయో లేదో జనవరిలోపే చూసుకోండి. లెక్కలు పెట్టని పంచాయతీకి 15వ సంఘం కాలంలో గ్రాంటు అర్హతే పోయేది.

మీరు బదిలీ మీద వెళ్లే రోజుకు బీరువాలో ఒక ఫైలు విడిగా ఉండాలి: ఇంటింటి సర్వే అసలు కాగితాలు, వేసవి బోరు కొలతలు, పెద్దలు చూపించిన వరద గీత ఉన్న పటం, ప్రతి పల్లె సమావేశంలో రాసుకున్న వరస, పెండింగులో ఉన్న పట్టాల పేర్లు, వాటిలో ఒక్కొక్కటి తహసీల్దారు కార్యాలయంలో ఏ బల్ల దగ్గర ఆగి ఉందో. కొత్తగా వచ్చేవారికి తాళంచెవులతో పాటు ఆ ఫైలును కూడా చేతికిచ్చి, సంతకం తీసుకోండి.